చిన్న చిన్న సంఘాలను కలపాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: దారప్పోగు

అందరికీ నమస్కారం. ఒకే ప్రాంతంలో తొమ్మిది చిన్న సంఘాలు పనిచేస్తున్నాయి. అద్దె ఇళ్లలోంచి బలవంతంగా ఖాళీ చేయించడాన్ని అడ్డుకునేవాళ్లు, పారిశుద్ధ్య కార్మికుల యూనియన్, గృహహింస బాధితులకు అండగా నిలిచేవాళ్లు, ఉచిత న్యాయ సలహా ఇచ్చేవాళ్లు, వికలాంగుల హక్కుల సంఘం, సాయంత్రం బడి నడిపే యువకులు, ఇలా. ఎవరి పని వాళ్లు బాగానే చేస్తున్నారు కానీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒకే కుటుంబం మూడు సంఘాల గడప తొక్కి, మూడుచోట్లా అవే కాగితాలు ఇచ్చి, అదే గోడు చెప్పుకుంటోంది.

అందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు పెడితే శుభోదయాలతో, ఫార్వర్డ్‌లతో నిండిపోయింది. అసలు కబురు అందులో కొట్టుకుపోతోంది. ఇప్పుడు కొందరు సమాఖ్య పెడదాం, పేరు, లోగో, కార్యవర్గం అంటున్నారు. పెద్ద సంఘం తమను కలిపేసుకుంటుందేమోనని చిన్న సంఘాలు జంకుతున్నాయి.

మొదటి అడుగు ఏమిటి? మనుషుల్ని ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి పంపేటప్పుడు ఏ పద్ధతి పాటించాలి? అందరి పేరుమీదా మాట్లాడాలంటే ఎవరి ఒప్పుదల కావాలి? డబ్బు వస్తే ఎవరి ఖాతాలో వేయాలి? ఈ పనిలో ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు: కూడలి

లోగో, కార్యవర్గం సంగతి పక్కన పెట్టండి. అవి ముందొస్తే మొదటి మూడు సమావేశాలూ అధ్యక్షుడు ఎవరన్న దగ్గరే అయిపోతాయి, పని చేసేవాళ్లు నాలుగోదానికి రారు.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టే ముందు ఒక్కో సంఘంతో విడిగా మాట్లాడండి. వాళ్ల చోటికే వెళ్లి, వాళ్లు పని చేసే వేళలోనే, అరగంట నుంచి ముప్పావుగంట. అందరినీ అవే ప్రశ్నలు అడగాలి, అప్పుడే జవాబుల్ని పక్కపక్కన పెట్టి చూడగలరు. వారంలో ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ అందుబాటులో ఉంటారు? మీ దగ్గరికొచ్చినవాళ్లలో ఎవరికి లేదని చెప్పాల్సి వస్తోంది? వాళ్లను ఎక్కడికి పంపుతున్నారు? మీ సంఘంలో నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఎన్నాళ్లకోసారి కూర్చుంటారు? మీ దగ్గర మిగులుగా ఉన్నదేమిటి (గది, ప్రింటరు, బండి, టైపింగు వచ్చిన మనిషి)? ఎవరితో కలిసి కూర్చోలేరు?

వీటిలో రెండో ప్రశ్న చాలా ముఖ్యం. ఏం చేస్తారని అడిగితే కరపత్రంలో ఉన్నదే చెబుతారు. ఎవరికి లేదంటున్నారని అడిగితే అసలు ఖాళీలు బయటపడతాయి. న్యాయ సలహా ఇచ్చేవాళ్లకు అద్దె ఒప్పందం కాగితం లేనివాళ్ల కేసు పట్టడం కష్టం. ఖాళీ చేయించడాన్ని అడ్డుకునేవాళ్ల దగ్గర ఆ కుటుంబం అక్కడ ఎన్నాళ్లుగా ఉంటోందో చెప్పగల ఇరుగుపొరుగు సాక్షులు ఉంటారు. ఈ రెండు సంఘాలనూ కలపడానికి సమాఖ్య అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, రెండు ఫోన్ నంబర్లు చాలు.

జవాబులన్నీ వచ్చాక పెద్ద కాగితం మీద సంఘాల పేర్లు గుండ్రంగా రాసి, ఎవరు ఎవరి దగ్గరికి మనుషుల్ని పంపుతున్నారో బాణం గుర్తులు గీయండి. ఎక్కువ బాణాలు వచ్చి చేరే సంఘం చాలాసార్లు పెద్ద సంఘం అయి ఉండదు. ఇద్దరో ముగ్గురో మనుషులతో నడిచే చోటే అయ్యుంటుంది, వాళ్లప్పటికే అలిసిపోయి ఉంటారు. మీరు చేసే మొదటి ఉమ్మడి పని వాళ్ల బరువు దించేదై ఉండాలి. ఒక్క బాణం కూడా లేని సంఘం కనిపిస్తే అక్కడ ఆగండి. వాళ్ల గురించి మిగతావాళ్లకు తెలియదా, తెలిసీ దూరం పెట్టారా అని విడిగా కనుక్కోవాలి.

ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల్లో ముగిసే ఒకే ఒక్క ఉమ్మడి పని ఎంచుకోండి. కాగితాలు సరిచూసి దరఖాస్తులు రాసిపెట్టే ఒకరోజు శిబిరం లాంటిది. దానికి తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది, ఎవరు మాట నిలబెట్టుకుంటారో తెలిసిపోతుంది. ప్రతి సంఘం నుంచి ఇద్దర్ని పిలవండి: నిర్ణయం చెప్పగల మనిషి ఒకరు, రోజూ జనంతో పని చేసే మనిషి ఇంకొకరు. నాయకులు మాత్రమే వస్తే హామీలు పెద్దగా ఉంటాయి, మోసేవాళ్లకు కబురుండదు. కార్యకర్తలు మాత్రమే వస్తే ప్రతిదానికీ అడిగి చెబుతాం అనే మాట వస్తుంది.

వాట్సాప్‌కి మందు: గ్రూపుని రెండు చేయండి. ఒకటి ప్రకటనలకు, అందులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చండి. ఎక్కువమంది చేరవచ్చు, వారానికి రెండు మూడు కబుర్లు దాటకూడదు. రెండోది పని గ్రూపు, సంఘానికి ఇద్దరు చొప్పున, అంతే. అందులో ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు రాబట్టే బాధ్యత ఆ వారం ఎవరిదో ముందే వరుస రాసి పైన పిన్ చేయండి. గ్రూపులో పద్దెనిమిది మంది ఉన్నప్పుడు అడిగిన ప్రశ్నకు ఎవరూ పలకకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు. ఇంకెవరో చెబుతారులే అని ప్రతి ఒక్కరూ అనుకోవడమే.

జవాబు: రెండోగడప

కూడలి గారు చెప్పిన బాణాల దగ్గర్నుంచి అందుకుంటాను. సంఘాలు కలిశాయా లేదా అన్నది సభల్లో తెలియదు, మనిషిని పంపడంలో తెలుస్తుంది.

మామూలుగా జరిగేది ఇది: సాయం కోసం వచ్చిన ఆమెకు ఒక చీటీ మీద నంబరు రాసిచ్చి అక్కడికి వెళ్లండమ్మా అంటారు. ఆ నంబరు మారిపోయి ఉంటుంది, లేదా ఎత్తినవాళ్లకు విషయం తెలియదు, లేదా ఆ నెల కొత్త కేసులు తీసుకోవడం లేదు. ఆమె మళ్లీ మొదటివాళ్ల దగ్గరికి రాదు, ఇద్దరి మీదా నమ్మకం పోతుంది. పంపినవాళ్లు మాత్రం తమ రిజిస్టర్‌లో సాయం చేశాం అని రాసుకుంటారు.

నంబరు ఇవ్వడం వేరు, మనిషిని అప్పగించడం వేరు. అప్పగింతంటే ఆమె మీ ఎదురుగా ఉండగానే అవతలి సంఘానికి మీరే ఫోన్ చేసి, పేరు పేరునా పరిచయం చేసి, ఏ రోజు ఎన్నింటికి ఎవరిని కలవాలో ఖాయం చేయడం. పది నిమిషాల పని. దాంతోపాటు అరపేజీ చీటీ ఒకటి. అందులో ఉండాల్సినవి: ఆమెను ఏ పేరుతో పిలవాలి, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళలో చేస్తే ఇబ్బంది లేదు, అవసరం ఒక్క వాక్యంలో, ఇప్పటికే చేసిన పని, జతచేసిన కాగితాల జాబితా, మళ్లీ అడగకూడని విషయాలు. చివర్న ఈ వివరాలు పంపడానికి ఆమె ఒప్పుకున్నట్టు గుర్తు. చీటీ చదివి వినిపించాకే ఆ గుర్తు పెట్టించాలి. ముందే సంతకం తీసుకుంటే అది ఒప్పుదల కిందికి రాదు.

అందుకున్న సంఘం 48 గంటల్లో మూడు మాటల్లో ఒకటి చెప్పాలి: కలిశారు, రాలేదు, మా వల్ల కాదు. మా వల్ల కాదు అన్న మాట చెప్పడం తప్పు కాదని మొదటి రోజే అందరూ ఒప్పుకోవాలి. అది చెప్పడానికి మొహమాటపడే చోటే మనుషులు మధ్యలో ఉండిపోతారు. రాలేదు అని వస్తే పంపినవాళ్లు ఒకసారి కనుక్కోవాలి, అదీ ఆమె చెప్పిన వేళలోనే.

సోమవారం ఉదయం పని గ్రూపులో ఒక్కో సంఘం ఒక్క ముక్క రాస్తే చాలు: ఈ వారం ఎందరిని తీసుకోగలం. మూడు, సున్నా, పది, అంతే. నిండిపోయిన చోటికి మనుషుల్ని పంపడం దీంతో తగ్గుతుంది.

ఇక గోప్యత. ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. పని గ్రూపులో ఎవరి పేరు, ఫొటో, చిరునామా, ఆధారాల కాగితాల ఫొటోలు పెట్టకూడదు. గ్రూపులో ఉన్న ఇద్దరు ముగ్గురి ఫోన్లు ఇంట్లో పిల్లల చేతుల్లో తిరుగుతూ ఉంటాయి. కేసుకో అంకె ఇచ్చి గ్రూపులో దాన్నే వాడండి, ఆ అంకె ఎవరిదో పంపిన సంఘం, అందుకున్న సంఘం మాత్రమే రాసుకోవాలి. గృహహింస కేసుల్లో సంఘం పేరు కనిపించేలా మెసేజ్ పంపవద్దు, తెలియని నంబరు నుంచి మిస్డ్ కాల్ కూడా ఇవ్వవద్దు. ఇంట్లో ఫోన్ చూసేది ఆమె ఒక్కతే అనుకోకండి. ఆమె పిల్లలు చదివే సాయంత్రం బడి పేరు కూడా ఎవరి దగ్గరా బయటపెట్టకూడదు, ఎందుకంటే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ముందు పిల్లల్నే వెతుకుతారు.

గూగుల్ షీట్ వాడుతుంటే లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు అనే సెట్టింగ్ తీసేసి, పేరుపేరునా అనుమతి ఇవ్వండి. కార్యకర్త సంఘం వదిలి వెళ్లిన రోజే ఆ అనుమతి తీసేయాలి, ఆ పని ఎవరిదో రాసిపెట్టుకోవాలి. పని ముగిసిన 90 రోజులకు వివరాలు చెరిపేస్తాం అని ముందే నిర్ణయించుకోండి. కోర్టులో నడుస్తున్న కేసులైతే న్యాయ సలహా ఇచ్చే సంఘం విడిగా దాచుకుంటుంది. మిగతావాళ్లు ఉంచుకోవాల్సిన అవసరం లేదు.

జవాబు: తీర్మానపుస్తకం

మూడో ప్రశ్నకు. ఎవరి ఒప్పుదల కావాలన్నది పనిని బట్టి మారుతుంది. అన్నిటికీ ఒకే నియమం పెట్టడం వల్లే గొడవలు వస్తాయి.

కబురు పంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉమ్మడి కార్యక్రమం గురించి అందులో పాల్గొనే సంఘాలే తేల్చుకుంటాయి, రానివాళ్లకు అడ్డుకునే హక్కు లేదు, వాళ్ల పేరు బ్యానర్ మీద వేయకూడదు కూడా. అధికారులకు వినతిపత్రం, పత్రికా ప్రకటన, ఒప్పందం లాంటివాటికి పేరున్న ప్రతి సంఘమూ సరే అని రాతలో చెప్పాలి.

ఇక్కడ చాలామంది మూడు రోజుల్లో అభ్యంతరం రాకపోతే ఒప్పుకున్నట్టే అని పెడతారు. నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పారిశుద్ధ్య కార్మికుల యూనియన్ పదిహేను రోజులకోసారి కూర్చుంటుంది, సభ్యులు తెల్లవారుజామున పనిలోకి వెళతారు. వాళ్లకు మూడు రోజుల గడువు పెట్టడమంటే వాళ్లు మాట్లాడకుండా చేయడమే. అందరికంటే నెమ్మదిగా కూర్చునే సంఘం ఏదో చూసి, గడువు దానికంటే ఒకటి రెండు రోజులు ఎక్కువ ఉండేలా పెట్టండి. జవాబు రాకపోతే ఒప్పుకోనట్టే లెక్క. ఆ సంఘం పేరు లేకుండా ప్రకటన వెళుతుంది, అంతకుమించి నష్టం లేదు.

అంత ఆగలేని సందర్భాలు వస్తాయి: అరెస్టు, రాత్రికి రాత్రి ఇళ్లు కూల్చడం, అగ్నిప్రమాదం. వాటికి వాడాల్సిన మాటలు ముందే రాసి అందరి చేతా ఒప్పించి పెట్టుకోండి. తేదీ, చోటు, ఎన్ని కుటుంబాలు అన్న ఖాళీలు మాత్రం వదలండి. వేర్వేరు సంఘాల నుంచి ముగ్గురికి ఆ పత్రం విడుదల చేసే అధికారం ఇవ్వండి, ముగ్గురిలో ఇద్దరు సరే అంటే చాలు. రాసిపెట్టిన మాటలకు ఒక్క ముక్క కలిపినా మళ్లీ మామూలు దారికి రావాల్సిందే.

ఉమ్మడి వేదిక పేరు కాకుండా సంఘాల పేర్లే సంతకాలుగా వేయండి. అభిప్రాయం కలవని చోట ఒక పేరు తగ్గుతుంది, వేదిక చీలదు. ఎన్నికల కాలంలో ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. అప్పుడు ఒక్క సంఘం ఏదో పార్టీ వేదికెక్కినా మిగతా ఎనిమిదింటికీ ఆ ముద్ర పడుతుంది. ఉమ్మడి పేరు, ఉమ్మడి గ్రూపు, ఉమ్మడి ఫొటోలు ఎన్నికల ప్రచారానికి వాడకూడదన్న ఒక్క వాక్యం ఇప్పుడే రాసుకోండి, నోటిఫికేషన్ వచ్చాక రాయలేరు.

సంఘాలు తమ రూపం పోగొట్టుకోకుండా ఎలా కలవవచ్చో చరిత్రలో స్పష్టంగా ఉంది. 1955 డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గోమరీలో, నల్లజాతివాళ్లపై బస్సుల్లో చూపే వివక్షకు వ్యతిరేకంగా బస్సుల బహిష్కరణ మొదలైనప్పుడు కరపత్రాలు రాత్రికి రాత్రి అచ్చువేసి ఊరంతా పంచింది మహిళా రాజకీయ మండలి, అంతకుముందు నుంచీ పనిచేస్తున్న సంఘం. సభలకు చోటు, చందాలు చర్చిల నుంచి వచ్చాయి. డిసెంబరు 5న ఏర్పడిన మాంట్‌గోమరీ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ వీళ్లెవర్నీ తనలో కలిపేసుకోలేదు. ఎవరికి వాళ్లు చేయలేని పని, ముఖ్యంగా జనాన్ని రోజూ పనికి చేర్చే కార్ల ఏర్పాటు, అది తీసుకుంది. ఎక్కించుకునే చోట్లు, దించే చోట్లు, వేళలు, డ్రైవర్లు, పెట్రోలు ఖర్చు. ఆ వాహనాల బీమా రద్దయినప్పుడు లండన్‌లోని లాయిడ్స్ దాకా వెళ్లి బీమా తెచ్చుకున్నారు. బహిష్కరణ 381 రోజులు నిలబడిందంటే ప్రసంగాలతోపాటు ఇలాంటి ఏర్పాట్లూ కారణం.

మన దేశంలో సమాచార హక్కు ఉద్యమానిదీ ఇదే దారి. 1990లో రాజస్థాన్‌లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలి లెక్కల కాగితాలు చూపించమని అడిగింది, 1994 నుంచి ఊళ్లలో జన్ సున్‌వాయీలు (బహిరంగ విచారణలు) పెట్టి మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) అందరి ముందూ చదివించింది. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా జరిగింది. ఆ ఏడాదే జాతీయ స్థాయి ప్రచార వేదిక ఏర్పడి, పాత్రికేయులు, న్యాయవాదులు, ఇతర ఉద్యమాల వాళ్లు అందులో కలిశారు. 2005లో చట్టం వచ్చింది. కాగితాలు చూపించండన్న డిమాండు ఒక్కటే కాబట్టి, మిగతా విషయాల్లో పొసగనివాళ్లు కూడా దాని చుట్టూ నిలబడగలిగారు.

జవాబు: పద్దులు

డబ్బు గురించి ఎవరూ ఇంకా ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఒప్పందం డబ్బు రాకముందే రాసుకోవాలి. వచ్చాక రాసేది ఒప్పందంగా మిగలదు, బేరంగా మారుతుంది.

రిజిస్టరై, ఆడిట్ చేయించుకుంటున్న సంఘం ఒకటి మిగతావాళ్ల తరఫున డబ్బు అందుకోవచ్చు. అది పెద్ద సంఘమే అవుతుంది సాధారణంగా, చిక్కూ అక్కడే. దాత ఫోన్ చేసేది వాళ్లకే, నివేదిక రాసేది వాళ్లే, ఆరు నెలలు తిరిగేసరికి మిగతావాళ్లు కింది ఉద్యోగుల్లా మారిపోతారు. దీనికి విరుగుడుగా ఒక పేజీ కాగితం మీద ఇవి రాసుకోండి. ఉమ్మడి డబ్బుకు వేరే ఖాతా, కుదరకపోతే కనీసం వేరే పద్దు. చెల్లింపుకి రెండు సంతకాలు, రెండోది ఆ సంఘానికి చెందని మనిషిది. లెక్కలు చూసినందుకు ఆ సంఘం ఎంత తీసుకుంటుంది (చాలాచోట్ల 5 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. ఊరికే చేస్తాం అంటే ఒప్పుకోవద్దు, ఆ మొహమాటం తర్వాత అధికారంగా మారుతుంది). దరఖాస్తు, నివేదిక పంపడానికి అయిదు రోజుల ముందు అందరికీ చదవడానికి ఇవ్వాలి. ఉమ్మడి డబ్బుతో కొన్న ల్యాప్‌టాప్, మైకు ఎవరివి? ఒక సంఘం బయటికి వెళితే ఏమవుతాయి? ఒక సంఘం డబ్బు అందుకుని మరొకదానికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో, ముఖ్యంగా విదేశీ నిధులైతే, సంతకానికి ముందే ఆడిటర్ని అడగండి.

పంపకం సమానంగా ఉండాలని పట్టుబట్టకండి. ఖర్చు ఎక్కడ పడుతుందో అక్కడికి వెళ్లాలి. అన్నిటికంటే ముందు తీయాల్సిన ఖర్చు సమావేశానికి వచ్చేవాళ్లది: దారి ఖర్చు, రోజు కూలి పోయినవాళ్లకు ఆ కూలి, పిల్లల్ని చూసుకునే మనిషి, అవసరమైతే సైగల భాష తెలిసినవాళ్లు. ఆ రోజే, చేతికే, వోచర్ మీద సంతకం తీసుకుని ఇవ్వాలి. వచ్చే నెల బిల్లు పెట్టుకోండి అంటే జీతగాళ్లే మిగులుతారు, ఎవరి కోసం ఈ పనంతా చేస్తున్నారో వాళ్లు రారు.

లెక్కల్లో ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. ఉమ్మడి శిబిరానికి 40 మంది వస్తే మూడు సంఘాలు తమ తమ నివేదికల్లో నలభై చొప్పున రాసుకుంటాయి. ఒకే దాత రెండు నివేదికలు చూస్తే అందరి మాటా పోతుంది. ఉమ్మడి కార్యక్రమాల సంఖ్యను ఉమ్మడి అని చెప్పి, పాల్గొన్న సంఘాల పేర్లతో రాయండి. హాజరు పట్టీ ఒక్కటే ఉండాలి.

దారప్పోగు

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. పెద్ద సంఘానికి సొంత ఆఫీసు ఉంది కాబట్టి సమావేశాలన్నీ అక్కడే పెడదామంటున్నారు. ఇంకోటి, రెండు సంఘాలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఒకటి వస్తే రెండోది రానంటోంది.

కూడలి

ఆఫీసు సంగతి: చోటు వంతులవారీగా మార్చండి. చిన్న సంఘం దగ్గర గది లేకపోతే వాళ్లు పనిచేసే చోటే కూర్చోండి, చెట్టుకిందైనా సరే. ఒక్క షరతు మాత్రం వదలకండి: మెట్లు లేని చోటు, చక్రాల కుర్చీ వెళ్లగల మరుగుదొడ్డి. ఆ షరతు పెడితే చాలాసార్లు పెద్ద ఆఫీసే పనికిరాదని తేలుతుంది. సమావేశం నడిపేవాళ్లు, మినిట్స్ రాసేవాళ్లు ఆతిథ్యం ఇచ్చే సంఘం వాళ్లు కాకుండా చూడండి. మినిట్స్‌లో చర్చంతా అక్కర్లేదు. ఏ పని, ఎవరు, ఏ తేదీకి, అంతే. అదే రోజు గ్రూపులో పెట్టేయాలి.

రెండోగడప

రెండో సందేహానికి నేను చెబుతాను. ముందు అది ఎలాంటి తగువో తేల్చండి. పని పద్ధతి మీద, పాత పరువు మీద అయితే ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాల్సిన అవసరం లేదు. మధ్యలో మూడో సంఘం ద్వారా మనుషుల్ని పంపుకోవచ్చు, ప్రకటనల గ్రూపులో ఇద్దరూ ఉండవచ్చు. రాజీ కుదిర్చే పని వేదిక నెత్తికెత్తుకుంటే మిగతా ఏడు సంఘాల సమయం కూడా దానికే పోతుంది.

కానీ ఆ రెండు సంఘాల్లో ఎవరి మీదైనా వేధింపు ఆరోపణో, బాధితుల డబ్బు వాడుకున్నారన్న ఆరోపణో ఉంటే అది తగువు కింద లెక్కకట్టకూడదు. ఆ మనిషి దగ్గరికి ఎవర్నీ పంపడం అదే రోజు ఆపేయండి. ఫిర్యాదు చేసినవాళ్లతో ముందు మాట్లాడండి, వాళ్లు ఎంచుకున్న మనిషి సమక్షంలో. దీనిమీద ఓటింగు పెట్టకూడదు, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో రెండు పేర్లు, వేర్వేరు సంఘాల నుంచి, కనీసం ఒకరు మహిళ, మొదటి శిబిరానికి ముందే అందరికీ తెలిసేలా గోడ మీద రాసి పెట్టండి. ఆ రెండు పేర్లలో ఒకరి మీదే ఫిర్యాదు వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా దాని కిందే రాయండి.